మైథిలి మింగేసిన మాట

పోయిన వారం మైథిలిని ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోని వాళ్ళ వంటింటి గుమ్మంలో, చెవి దగ్గర ఫోనుతో నిలబడి ఉండగా వదిలి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ముందు గదిలో నిమాయ్ జానా భార్య ఝర్నా కాకీమా సందేశ్ మిఠాయి పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫోనులో విశాఖపట్నం కంటి ఆసుపత్రి కౌంటరు నుంచి ఏంజలిన్ అడుగుతోంది.

"అక్కా, వింటున్నారా? నిమాయ్ జానా గారు లేజర్‌కి రాలేదేటి? డాక్టరుగారు నెల రోజులే గడువిచ్చినారు కదా. అది దాటి తొమ్మిది రోజులయిపోనాది."

"కనుక్కుని మళ్ళీ చేస్తానుండు, ఏంజలిన్," అంది మైథిలి.

కనుక్కోవడానికి ఏమీ లేదు. ఆ గడువు సంగతి ఖరగ్‌పూర్ మొత్తం మీద తెలిసింది ఆమె ఒక్కతికే.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మైథిలికి ముప్పై మూడేళ్ళు. తండ్రి వరాహనరసింహం రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కూతురికీ రైల్వేలోనే ఉద్యోగం రావాలని ఆయన కోరిక. ఆ కోరిక కోసం మైథిలి ఆరుసార్లు పరీక్షలు రాసి, ఏడోసారికి వయసు దాటిపోయి ఇంట్లో కూర్చుంది. ఏం చేస్తున్నావమ్మా అని ఎవరైనా అడిగితే నవ్వడం ఒక్కటే ఆమె చేస్తున్న పని. ఇలా ఉండగా ఆగస్టులో, ఖరిదా బజారులో టైలరు నిమాయ్ జానాకి షుగరు వల్ల కుడికన్ను మసకబారింది. విశాఖపట్నం వెళ్ళమన్నారు. తెలుగూ బెంగాలీ రెండూ వచ్చిన మనిషి తోడుంటే బాగుంటుందని, బెంగాలీలో బాబాయీ పిన్నీ అన్నట్టు కాకు, కాకీమా అని తను పిలిచే ఆ దంపతులు మైథిలిని అడిగారు. వెళ్ళింది. అక్కడ మూడు రోజులు డాక్టర్ల గదులకీ మందుల కౌంటర్లకీ మధ్య తిరుగుతూ, తన వల్ల ఒకరికి పని జరుగుతోందన్న సంతోషం ఆమెకి మొదటిసారి తెలిసింది. తిరిగొచ్చేసరికి ఆ సంగతి ఊళ్ళో పాకింది. వైద్యానికి అటు వెళ్ళే బెంగాలీ కుటుంబాలు ఇక్కడ బోలెడు. అక్కడివాళ్ళ మాట అర్థమయ్యేలా చెప్పే మనిషే దొరకడు. ఇప్పటికి అయిదు కుటుంబాలు మైథిలి కోసం చూస్తున్నాయి.

ఇక, ఆ ఆసుపత్రి గదిలో ఏం జరిగిందో కూడా చెప్పేస్తాను. దాచినందువల్ల ఇప్పటికే చాలా నష్టం జరిగింది.

డాక్టరుగారు హిందీలో మొదలుపెట్టి, మైథిలి తెలుగు వినగానే హాయిగా తెలుగులోకి దిగిపోయారు. "కుడికన్ను చూపు ఇక రాదమ్మా, దాని మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పు. ఎడమకంట్లోనూ అదే జబ్బు మొదలైంది. నెలలోపల వచ్చి లేజర్ చేయించుకోకపోతే అదీ పోతుంది. ఆ తరవాత నా చేతిలో ఏమీ ఉండదు." అని కాగితం మీద రాసుకుంటూ తల దించుకున్నారు.

ఝర్నా కాకీమా మైథిలి మణికట్టు పట్టుకుని ఉంది. నిమాయ్ కాకు ఒంటికన్నుతో ఆమె వైపే చూస్తున్నాడు. మైథిలి గొంతు సవరించుకుని బెంగాలీలో, "కుడికంటికి కొంచెం టైము పడుతుందట కాకూ. ఎడమకంటికి చిన్న లేజర్ ఉందట. దుర్గాపూజ అయ్యాక తీరిగ్గా వద్దాం," అంది. రెండు మాటలు మింగేసింది, మూడోదానికి పంచదార అద్దింది.

ఇది అబద్ధాలాడే బుద్ధి అనుకోకండి. మైథిలిని అలా పెంచారు. చిన్నప్పుడు రైల్వే క్వార్టర్స్‌లో నాలుగిళ్ళకి ఒకటే కుళాయి. ఒకరు బెంగాలీ, ఒకరు ఒడియా, ఒకరు బీహారు నుంచి వచ్చినవాళ్ళు, నాలుగో ఇల్లు వీళ్ళది. నాలుగు భాషలూ వచ్చింది ఎనిమిదేళ్ళ మైథిలికే. బిందె జరపకపోతే రోడ్డు మీదకి విసిరేస్తానని చెప్పి రావే అని తల్లి పంపిస్తే, బిందె కొంచెం జరుపుతారా అని అమ్మ అడగమంది అని చెప్పేది. అటునుంచి వచ్చిన తిట్టు కూడా దారిలో అలాగే చిక్కిపోయేది. ఆ నాలుగిళ్ళ మధ్యా పన్నెండేళ్ళపాటు ఒక్క గొడవ లేదు. మా మైథిలి నోట్లో పడితే నిప్పు కూడా చల్లారిపోతుందని వరాహనరసింహం ఆఫీసులో చెప్పుకునేవాడు. మెచ్చుకోవలసిన గుణమే అది, కుళాయి దగ్గర.

చిక్కేమిటంటే తన సంగతులు కూడా ఆ పిల్ల తనకి తగ్గించే చెప్పుకుంది. ఇరవై రెండు మార్కుల తేడాతో పోయిన పరీక్షని "రెండు మార్కుల్లో పోయింది నాన్నా" అంది. తండ్రి నమ్మాడు సరే, నాలుగు రోజులకి తనే నమ్మేసింది. రెండు మార్కులే కదా అని మళ్ళీ పుస్తకాలు తెచ్చుకుంది. అలా పదేళ్ళు పోయాయి.

"ఏటయింది?" వెనకనుంచి తల్లి కోటేశ్వరి అడిగింది. స్టవ్వు మీద టీ మరుగుతోంది.

మైథిలి గొంతు తగ్గించి జరిగింది చెప్పేసింది. కోటేశ్వరి స్టవ్వు ఆర్పి, ముందు గది వైపు ఒకసారి తొంగి చూసి, కూతురి పక్కకి వచ్చింది.

"ఇప్పుడు మాత్రం సెప్పకు. ఆవిడ స్వీటట్టుకుని వొచ్చి కూకున్నాది. ఆసుపత్రోల్లు ఫోన్ సేసినారు, బేగి రమ్మన్నారని సెప్పు. గడువు ఊసెత్తకు. అబద్దం కాదు కదా."

"అబద్దం కాదు."

"మరేటి? ఆయన కన్నూ నిలబడతాది, నీ పేరూ నిలబడతాది. ఇన్నాల్టికి నీకంటూ ఒక దారి కనపడినాది. అయిదు కుటుంబాలోల్లు నిన్ను నమ్మినారు. నీ సేత్తో నువ్వే సెరుపుకుంటావేటి?"

"ఊరికే బేగి రమ్మన్నారంటే కాకు రాడమ్మా. పూజ ముందర కొట్టు మూసీమంటే ఎవులు మూస్తారు? పండగెల్లనీ అంటాడు. ఇంకో నెల పోతాది."

కోటేశ్వరి వెనక్కి తిరిగి స్టవ్వు దగ్గరికి వెళ్ళింది. టీ వడపోస్తూ, "మెల్లగా సెప్పు, ఆవిడకి బీపీ," అంది. ఆ ఇంట్లో ఏ మాటైనా మెల్లగానే చెప్పుకోవాలి.

మైథిలి టీ కప్పు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. అక్కడ మాట్లాడుకున్నది బెంగాలీలో. మనం తెలుగులో చెప్పుకోక తప్పదు. అయితే మైథిలిలాగా నేను ఏదీ తగ్గించను.

"రా మా, రా," అంది ఝర్నా కాకీమా. బెంగాలీ పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని అలాగే మా అని పిలుస్తారు. "మా పెద్దక్క సాలువా నుంచి నిన్న వచ్చింది. దానికీ షుగరే. నీతో అయితేనే వైజాగ్ వెళ్తానని కూర్చుంది. పూజ అయ్యాక అందరం కలిసి పోదాం. ఇదిగో, ఇది మీ కాకు నీకోసం కుట్టాడు."

సంచిలోంచి నెమలికంఠం రంగు జాకెట్టు తీసి ఇచ్చింది. మైథిలి దాన్ని విప్పి చూసింది. నిమాయ్ కాకు నలభై ఏళ్ళుగా ఖరిదాలో కుడుతున్నాడు. మైథిలి స్కూలు యూనిఫారం దగ్గర్నుంచి అన్నీ ఆయన చేతివే. ఆయన కుట్టు గీత గీసినట్టు పోతుంది. ఈ జాకెట్టు చంక దగ్గర కుట్టు వేలెడు పక్కకి పోయి, మళ్ళీ వెతుక్కుంటూ వెనక్కి వచ్చింది. ఆయన దాన్ని చూడలేదు. చూసి ఉంటే విప్పి మళ్ళీ కుట్టేవాడే.

మైథిలి ఆ కుట్టు మీద వేలు పెట్టి చూసింది. జాకెట్టు మడిచి బల్ల మీద పెట్టింది.

"కాకీమా, డాక్టరు చెప్పిందంతా నేను మీకు చెప్పలేదు."

ఝర్నా కాకీమా కప్పు పెదాల దాకా తెచ్చి ఆపింది.

"కుడికన్ను ఇక రాదన్నారు. ఎడమకంటికీ అదే జబ్బు ఉందన్నారు. నెలలోపల లేజర్ చెయ్యకపోతే అదీ పోతుందన్నారు. పూజ అయ్యాక రమ్మని ఆయన అనలేదు. అది నేను కల్పించి చెప్పింది. నెల దాటి తొమ్మిది రోజులయింది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఝర్నా కాకీమా కప్పుని సాసర్లో పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించింది.

"ఎందుకు?" అంది చివరికి.

"మీరు నా చెయ్యి పట్టుకున్నారు. మీ మొహం చూస్తే చెప్పలేకపోయాను. బాధపడతారని."

"నువ్వు చూసింది నా మొహం. నేనూ నీ మొహమే చూశాను మైథిలీ. డాక్టరు మాట్లాడినంతసేపూ ఆయన వైపు చూడలేదు నేను. ఆయన మాట నాకు తెలియదు కదా, ఆయన్ని చూసి ఏం చెయ్యను? నీ మొహంలో ఏముంటే అదే నిజమనుకున్నాను. నువ్వు నవ్వావు. అక్కడ గుడికెళ్ళి కొబ్బరికాయ కూడా కొట్టాను."

మైథిలికి ఏడుపొచ్చింది. క్షమించండి అనబోయింది. ఆ మాట కూడా ఎదుటి మనిషిని చల్లబరచడానికే వస్తోందని తోచి ఆగిపోయింది.

"నన్ను తర్వాత తిట్టండి కాకీమా. ముందు కాకు ఈ రాత్రి బండి ఎక్కాలి."

ఝర్నా కాకీమా లేచింది. సందేశ్ పొట్లం బల్ల మీదే ఉంది, సంచి మాత్రం తీసుకుంది. "పద. ఆయనకి నువ్వే చెప్పు, నా ఎదురుగా."

ఖరిదా దాకా టోటో అనే బ్యాటరీ రిక్షాలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతున్నాయి. ఝర్నా కాకీమా దారి పొడుగునా రోడ్డు వైపే చూసింది. పూజ పందిళ్ళకి వెదుళ్ళు కడుతున్నారు. బట్టల కొట్ల ముందు జనం తెగ ఉన్నారు. మైథిలి మాత్రం డాక్టరుగారి మాటల్ని వరసలో గుర్తు తెచ్చుకుంటోంది. ఏ మాట ముందో ఏది వెనకో తప్పిపోకూడదని ఆమె పట్టుదల. చేసిన తప్పుకి సిగ్గుపడటానికి కూడా ఆమెకి తీరిక లేకపోయింది.

జానా టైలర్స్ అంటే పది అడుగుల కొట్టు, ఒక మిషను, ఒక బల్ల. బల్ల నిండా చీటీలు గుచ్చిన జాకెట్టు గుడ్డలు. హుక్కులూ చేతిపనీ ఝర్నా కాకీమావి, మిగతాదంతా నిమాయ్ కాకుది. ఆయనకి తెలుగులో వచ్చిన మాటలు రెండే, రేపు, ఎల్లుండి. నలభై ఏళ్ళు తెలుగు ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టినవాడికి ఆ రెండూ ఉంటే చాలు. మైథిలిని చూసి అలవాటుగా "ఎల్లుండి, ఎల్లుండి," అని నవ్వాడు. వెనక భార్య మొహం చూసి మిషను ఆపాడు.

మైథిలి బల్ల పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "కాకూ, ఆ రోజు డాక్టరు చెప్పినదాంట్లో కొంత మీకు చెప్పలేదు. నా అంతట నేనే తగ్గించాను. ఇప్పుడు చెప్తాను."

నిమాయ్ కాకు చెయ్యెత్తి ఆపాడు. "ముందు ఆయన మాటల్లోనే చెప్పు. మీ తెలుగులో."

"మీకు అర్థం కాదు కదా?"

"కాకపోనీ. ఆయన ఎలా అన్నాడో విననీ. తర్వాత మా మాటలో చెప్దువుగాని."

మైథిలి తెలుగులో చెప్పింది. "కుడికన్ను చూపు ఇక రాదమ్మా," అని డాక్టరుగారు అన్నట్టే, అంతే పొడిగా. చివరి మాట దాకా తడబడకుండా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని తలవంచి విన్నాడు. తరవాత అదే బెంగాలీలో చెప్పింది. ఒక్కచోట కూడా ఆయన మొహం చూసి ఆగలేదు. ఆగితే మళ్ళీ పాత మైథిలి అయిపోతానని ఆమెకి భయం.

"కుడిది రాదా?"

"రాదు కాకూ."

"టైము పడుతుందన్నావు. రోజూ పొద్దున్న లేవగానే ఎడంకన్ను మూసి, ఇవాళ ఏమైనా తెలిసిందా అని చూసుకుంటున్నాను." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే మైథిలికి కొంచెం తేలికగా ఉండేది. "నువ్వు చిన్నపిల్లవి కాదు మైథిలీ. నీ నడుము ముప్పై నాలుగు. ముప్పై రెండని చీటీ మీద రాస్తే నువ్వు సంతోషిస్తావు. జాకెట్టు పడుతుందా? నా దగ్గరికి వచ్చే ఏ ఆడమనిషికీ నేను కొలత తగ్గించి రాయలేదు. ఇద్దరు ముగ్గురు అలిగి వేరే కొట్టుకి పోయారు కూడా. పోతే పోనీ అనుకున్నాను."

మైథిలి తల వంచుకుంది. అవమానంగా ఉంది, అయినా ఎక్కడికీ పారిపోవాలనిపించలేదు. పదేళ్ళలో ఎవరూ ఆమెతో ఇంత సూటిగా మాట్లాడలేదు. ఇంట్లో అందరూ ఆమెని కాపాడుతూనే వచ్చారు. ఆమె మిగతావాళ్ళని కాపాడినట్టే.

"ఆ ఫైలు తీసుకురా," అన్నాడు నిమాయ్ కాకు భార్యతో. "ఏ తేదీ రాశారో చూద్దాం. బీరువా మీద ఉంది."

ఇల్లు రెండు సందుల వెనక. ఝర్నా కాకీమా వెళ్ళింది. ఆమె సందు మలుపు తిరిగేదాకా నిమాయ్ కాకు ఆగాడు. తరవాత స్టూలు ముందుకి జరుపుకున్నాడు.

"వారం రోజులుగా ఎడమకంట్లో నల్లచుక్కలు కనిపిస్తున్నాయి. మొన్నటినుంచి ఒక దారం ముక్కలాంటిది అడ్డంగా తేలుతోంది. సూదిలో దారం నాలుగైదు సార్లకి గాని ఎక్కడం లేదు. మీ కాకీమాకి చెప్పలేదు. పూజ పని ఎక్కువై కళ్ళు అలసిపోయాయనుకున్నాను. పూజ అయ్యాక ఎలాగూ వెళ్తున్నాం కదా అని..."

ఆ మాట దగ్గర ఆయనే ఆగిపోయాడు. పూజ అయ్యాక అన్నది మైథిలి ఇచ్చిన మాట. దాన్ని పట్టుకుని ఆయన వారం రోజులు నిశ్చింతగా కుట్టుకున్నాడు. మైథిలి ఫోను తీసి ఏంజలిన్‌కి చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఏంజలిన్, నేను మైథిలిని. నిమాయ్ జానా గారికి వారం నుంచి నల్లచుక్కలు కనపడుతున్నాయట. దారంలాగా కూడా ఏదో తేలతన్నాదట. ఆయన పక్కనే ఉన్నారు. నువ్వు సెప్పింది సెప్పినట్టు ఆయనకి సెప్తాను."

అవతల కీబోర్డు చప్పుడయింది. డాక్టరుగారిని అడిగొస్తానని వెళ్ళింది. రెండు నిమిషాలు ఫోనులో ఆసుపత్రి రద్దీ మాత్రమే వినిపించింది. నిమాయ్ కాకు గుడ్డ మీద అరచేయి పెట్టి కూర్చున్నాడు. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది.

"అక్కా, డాక్టరుగారు సెప్తున్నారు. లోపల కొంచెం రక్తం వొచ్చుంటాది అంటున్నారు. ఆగొద్దు, ఈ రాత్రే బయల్దేరమన్నారు. రేపు పొద్దున్నే సూస్తానన్నారు, నాను పేరు రాయించి ఉంచుతాను. ఇప్పుడు చూపు ఉన్నాది కాబట్టి దాన్ని నిలబెట్టడానికి అవకాశం ఉన్నాదంట. గట్టిగా సెప్పలేరంట, సూస్తే గాని. బరువులెత్తొద్దు, ఎక్కువ వంగొద్దు అన్నారు."

మైథిలి ఒక్కొక్క మాటే బెంగాలీలోకి తెచ్చింది. అవకాశం ఉందన్నదీ చెప్పింది, గట్టిగా చెప్పలేరన్నదీ చెప్పింది. రెండోది చెప్పేటప్పుడు నాలుక కొంచెం బరువెక్కింది. అయినా చెప్పింది. నిమాయ్ కాకు రెండుసార్లు తలూపాడు.

"ఆమెని అడుగు. లేజర్ అయ్యాక మళ్ళీ కుట్టగలనా?"

మైథిలి అడిగింది. అది డాక్టరుగారు చూసి చెప్పాలి, ఆశ అయితే ఉన్నాది, అంది ఏంజలిన్. ఆ మాటా అలాగే బెంగాలీలోకి వచ్చింది, దానికేమీ చేర్చకుండా.

ఆశ్చర్యమేమిటంటే ఆయన మొహం తేటపడింది. ఆగస్టులో ఆమె అంత పంచదార అద్ది చెప్పినా ఆ మొహంలో ఇంత ధైర్యం లేదు. అప్పుడాయన తను పట్టుకున్నది ఏమిటో తెలియకుండా పట్టుకున్నాడు. ఇప్పుడు చేతికి ఏది దొరికిందో ఆయనకి తెలుసు. మైథిలి దాన్ని కళ్ళారా చూసింది. ఇదే నా పని అనుకుంది. ఇంత భయం మధ్యలో ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో గాని, వచ్చాక మళ్ళీ పోలేదు.

"మీ కాకీమాకి ఈ చుక్కల సంగతి నువ్వే చెప్పు మా," అన్నాడు నిమాయ్ కాకు ఫోను పెట్టేశాక. "నేను చెప్తే ఏడుస్తుంది. నువ్వయితే మెల్లగా, తెలివిగా చెప్తావు."

చిన్నప్పటినుంచీ మైథిలిని ఇలా అడిగినవాళ్ళే అందరూ. ఏనాడూ కాదనలేదు. ఇవాళ కాదనడానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది.

"ఆ మాట నేను మొయ్యను కాకూ. డాక్టరు భాష మీకు రాదు కాబట్టి అక్కడ నేను కావాలి. మీ ఇద్దరి మధ్యా నేనెందుకు? మీరే చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి."

అంతలో ఝర్నా కాకీమా ఫైలు పట్టుకుని వచ్చింది. నడిచొచ్చిన ఆయాసం, చమట. ఆయన స్టూలు చూపించి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఝర్నా, వారం నుంచి ఎడంకంట్లో కూడా నల్లచుక్కలు కనిపిస్తున్నాయి. నీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు ఆసుపత్రితో మాట్లాడాం. ఈ రాత్రి బయల్దేరాలి. నిలబడే అవకాశం ఉందన్నారు, గట్టిగా చెప్పలేమన్నారు." ఒక్క గుక్కలో చెప్పేశాడు.

ఆమె ఏడవలేదు. ఫైలు బల్ల మీద పెట్టింది. మిషను మీది జాకెట్టుని కత్తెరతో దారం తెంపి తీసి మడిచింది. చీటీలు గుచ్చిన గుడ్డలన్నీ ఒకటొకటిగా సర్ది పెద్ద సంచిలోకి ఎత్తింది. అటుపక్క గాజుల కొట్టు కనకమ్మని పిలిచి, జాకెట్లకి ఎవరైనా వస్తే సంచి ఇవ్వమనీ, వేరేచోట కుట్టించుకోమనీ చెప్పింది. పూజకి మూడు వారాల ముందు, మిట్టమధ్యాహ్నం, ఖరిదా బజారులో ఒక టైలరు కొట్టు మూసేస్తున్నారు. పక్క కొట్లవాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. భర్త చెయ్యి పట్టుకుని మెట్టు దింపింది.

"బండి ఎన్నింటికి?" అని అడిగింది మైథిలిని.

"సాయంత్రం ఆరున్నరకి ఒకటి ఉంది. జనరల్‌లో అయినా ఎక్కేద్దాం. స్టేషన్లో నాన్నకి తెలిసినవాళ్ళున్నారు, సీటు అడుగుతాను."

"అడిగి పెట్టు. రెండు చాలు." ఝర్నా కాకీమా షట్టరు కొక్కెం అందుకుంది. "నువ్వు రావద్దు."

నిమాయ్ కాకు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అక్కడ మాకు సైగలు చాలు. హిందీ అయినా తంటాలు పడతాం. తప్పో ఒప్పో, మేమే అర్థం చేసుకుంటాం. ఆయన కన్ను మళ్ళీ నీ మొహాన్ని నమ్మి వదిలెయ్యలేను."

నిన్నటి మైథిలి అయితే ఈ పాటికి తలూపి, మీకెలా వీలైతే అలాగే కాకీమా అని, నవ్వి, ఇంటికెళ్ళి ఏడ్చేది. ఎదుటివాళ్ళకి నచ్చని మాట ఒక్కటి కూడా ఆ నోట్లోంచి ముప్పై మూడేళ్ళలో బయటికి రాలేదు. ఇప్పుడు వచ్చింది.

"నేను వస్తాను కాకీమా. మీరు వద్దన్నా వస్తాను. నా మొహం చూడకండి, డాక్టరునే చూడండి. కానీ ఆయన ఏమన్నారో ఒక్క మాట పోకుండా మీకు చెప్పి తీరుతాను."

ఝర్నా కాకీమా చెయ్యి షట్టరు మీదే ఉంది. అది సగందాకా దిగి ఉంది. దాన్ని కిందికి లాగెయ్యకుండా, పైకి ఎత్తకుండా, ఆమె టోటో ఎక్కినప్పటినుంచి మొదటిసారి మైథిలి కళ్ళలోకి సూటిగా చూసింది.